ఆరాధన క్రమాన్ని వాడుక తెలుగులోకి మార్చే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది దక్షిణ ఇండియా సంఘానికి, అంటే సీఎస్ఐకి చెందిన నగర సంఘం. ఆరాధన క్రమంలోని, అంటే ఆదివారం చర్చిలో వరుసగా చదివే, పలికే ప్రార్థనల్లోని భాష పిల్లలకు అర్థం కావడం లేదని, దాన్ని సులభమైన తెలుగులో తిరగరాసే పనిని సంఘ వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ మీకూ మరో ఇద్దరికీ అప్పగించింది. పెద్దవాళ్లు ససేమిరా అంటున్నారు. ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు, అసలు ఆరాధన ఈ వరుసలోనే ఎందుకు నడుస్తుంది, దేవుణ్ణి ‘నీవు’ అని పిలవడం మర్యాదేనా అని అడిగారు.

నేను ముప్ఫై నాలుగేళ్లు పాఠశాలలో తెలుగు చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలం కృష్ణా డెల్టాలోని మా ఊరి గుడిలో, అంటే చర్చిలో, అయ్యగారికి (పాస్టరుగారికి) తోడుగా ఆరాధన నడిపించాను. కాబట్టి మీ ప్రశ్న నాకు చాలా దగ్గరది. భాష మార్చండి, తప్పకుండా మార్చండి. అయితే ఒక మాట పాతదా కొత్తదా అని చూడక ముందే, దాన్ని ఎవరు ఎవరితో అంటున్నారో చూడండి. సంఘం చెవితో వినే మాటలను ధైర్యంగా మార్చవచ్చు. సంఘం తన నోటితో, కాగితం చూడకుండా పలికే మాటల జోలికి మాత్రం తొందరపడి వెళ్లవద్దు.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న విషయం. 1990ల చివర్లో నేనే పట్టుబట్టి ప్రభువు ప్రార్థనను వాడుక తెలుగులో రాసి, అచ్చు వేయించి, ఒక ఆదివారం పంచిపెట్టాను. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అన్నచోట ‘ఈ రోజుకు కావలసిన ఆహారం మాకు ఇవ్వు’ అని ఉంది. తెలుగుగా చూస్తే అందులో దోషం లేదు. చదువుకున్నవాళ్లు కాగితం చూసి చదివారు. ఆడవాళ్ల వైపు ముందు చాపల మీద కూర్చునే పెద్దమ్మలు మాత్రం రెండో వాక్యం దగ్గరే ఆగిపోయారు. ప్రతి ఆదివారం అందరికంటే గట్టిగా ఆ ప్రార్థన పలికేది వాళ్లే. వాళ్లలో చాలామందికి చదువు రాదు. ఆరాధన అయ్యాక ఒకావిడ నా దగ్గరికి వచ్చి, ‘మాస్టారూ, ఇక మీదట ప్రార్థన కాగితం ఉన్నవాళ్లకేనా?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మరుసటి ఆదివారం పాత ప్రార్థనకే తిరిగి వచ్చాం.

ఆవిడ అడిగినదాని వెనుక ఎంతో చరిత్ర ఉంది. తెలుగు పల్లెల్లో మన సంఘాలు పుట్టినప్పుడు బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమందికి బడి అంటే ఏమిటో తెలియదు. ఊరు వాళ్లను బడిలోకి రానివ్వలేదు. సంఘం తరఫున బోధించే ఉపదేశి సాయంత్రం పూట పేటకు వెళ్లి, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు ఒక్కో ముక్కే చెప్పి, వాళ్లచేత పలికించి, కంఠస్థం చేయించేవాడు. పాటలూ అలాగే వచ్చాయి. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, తమిళనాడు నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి. కొత్త విశ్వాసులను తమ తల మీద తామే చెయ్యి పెట్టుకొమ్మని, సువార్తను ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవాడని చెప్తారు. పుస్తకం అవసరం లేదు. చెయ్యి, తల, నోరు ఉంటే చాలు. ఊరు అక్షరం ఇవ్వని మనుషులకు సంఘం ఇచ్చిన తొలి ఆస్తి ఆ కంఠస్థమైన మాటలే. వాటిని దిద్దే ముందు ఈ సంగతి మీ కమిటీలో ఒకసారి గట్టిగా చదవండి.

ఇక వరుస సంగతి. ఆరాధన ఒక సంభాషణ. దేవుడు పిలుస్తాడు, జనం వస్తారు. ఆయన సన్నిధిలోకి వచ్చాక తమ స్థితి చూసుకొని పాపం ఒప్పుకుంటారు. క్షమాపణ మాట వింటారు. అప్పుడు స్తుతి. తర్వాత వాక్యం చదువుతారు, అయ్యగారు దాన్ని వివరిస్తారు. విన్నదానికి జవాబుగా విశ్వాస ప్రమాణం పలుకుతారు, లోకం కోసం ప్రార్థిస్తారు, ఒకరికొకరు సమాధానము, అంటే సఖ్యత, చెప్పుకుంటారు, కానుక తెస్తారు, రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి బల్ల దగ్గరికి వస్తారు, ఆశీర్వాదం తీసుకొని ఇంటికి వెళతారు. ప్రతి మాటకూ ఒక దిక్కు ఉంది. కొన్ని పైనుంచి మనకు వస్తాయి, కొన్ని మన దగ్గరనుంచి పైకి వెళతాయి, కొన్ని పక్కవాడి వైపు తిరుగుతాయి. ఈ దిక్కును చూపించడంలో తెలుగుకు ఉన్న శక్తి చాలా భాషలకు లేదు. తిరగరాసేటప్పుడు చాలామంది పోగొట్టేదీ దీన్నే.

‘మేము’, ‘మనము’ అనే రెండు మాటలనే చూడండి. ఇంగ్లీషువాళ్లకు రెంటికీ ఒకటే మాట. మనకు రెండు, రెంటి మధ్య పెద్ద గోడ ఉంది. ‘మనము’ అంటే ఎదుటివారూ అందులో ఉన్నట్టు. ‘మేము’ అంటే లేనట్టు. అందుకే ప్రభువు ప్రార్థన ‘మా తండ్రీ’ అని మొదలవుతుంది. దేవునితో మాట్లాడుతూ ‘మన తండ్రీ’ అంటే ఆయన్నీ పిల్లల్లో కలిపేసినట్టు అవుతుంది. అదే అయ్యగారు ప్రసంగంలో సంఘం వైపు తిరిగి ‘మన తండ్రి’ అంటారు, అక్కడ అది సరైనది. పాపపు ఒప్పుకోలులో ‘మేము పాపము చేసితిమి’ అనాలి. యౌవనుల కూటాల్లో సొంతమాటలతో ప్రార్థించేవాళ్లు ‘ప్రభువా, మనం నీకు దూరమైపోయాం’ అనడం ఎన్నోసార్లు విన్నాను. వాళ్ల మనసు నిజాయితీ గలదే, సందేహం లేదు. కానీ ఆ ఒక్క అక్షరం పాపం చేసినవాళ్ల వరుసలో దేవుణ్ణి నిలబెట్టింది. మీరు రాసే క్రమంలో ప్రతి ‘మన’ కింద, ప్రతి ‘మా’ కింద గీత గీసి, అక్కడ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో పక్కన రాసుకోండి. వేరే ఏ పనీ చేయకపోయినా ఇది చేయండి.

చివర్లో వచ్చే ఆశీర్వాదంలోనూ ఇదే ఉంది. అభిషేకం పొందిన గురువు సంఘం వైపు చేతులెత్తి ‘ప్రభువైన యేసుక్రీస్తు కృపయు దేవుని ప్రేమయు పరిశుద్ధాత్మ సహవాసమును మీకందరికి తోడై యుండును గాక’ అంటారు. అయ్యగారు లేని రోజున నాలాంటివాడు ఆరాధన నడిపితే ‘మనకందరికి’ అనాలి. నేనూ దాన్ని అందుకునేవాడినే కాబట్టి. మా పెద్దలు ఈ తేడాను ఎవరూ వివరించకుండానే పాటించారు.

ఇప్పుడు ‘గాక’. మీ కమిటీ మొదట కొట్టేయాలనుకునే మాట ఇదే అయి ఉంటుంది. దాని బదులు ఏమి పెడతారు? ‘యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక’ అన్నదాన్ని ‘కాపాడతాడు’ అని మారిస్తే అది సమాచారం అవుతుంది. ‘కాపాడాలి’ అంటే దేవునికి బాధ్యత అప్పగించినట్టు ఉంటుంది. ‘నీ రాజ్యము వచ్చుగాక’ను ‘నీ రాజ్యం రావాలి’ అని మార్చిన కరపత్రాలు చూశాను. నినాదంలా ఉంది తప్ప ప్రార్థనలా లేదు. కోరిక, దీవెన, వేడుకోలు కలిసిన ఈ క్రియారూపం మన భాషలో చావలేదు. పెళ్లిలో ‘శుభం కలుగుగాక’ అంటే ఏ పిల్లకూ అర్థం చెప్పనక్కర్లేదు. ‘కాపాడుగాక’, ‘దీవించుగాక’ అని చివరను తేలిక చేయండి, ‘గాక’ను ఉంచండి. ‘నమ్ముచున్నాను’ను ‘నమ్ముతున్నాను’ అనడానికి నాకే అభ్యంతరమూ లేదు. శ్రద్ధగా వింటే మీ పెద్దమ్మలు ఇప్పటికే అలా పలుకుతున్నారు. నోరు తనంతట తాను మార్చుకున్నదాన్ని అచ్చులో పెట్టడం మంచి పద్ధతి.

పాత అనువాదాల్లో నిజంగా బరువైనది ‘పరచబడు’, ‘చేయబడు’ లాంటి రూపాలు. ‘పరిశుద్ధపరచబడు’, ‘అప్పగింపబడెను’, ‘నెరవేర్చబడవలెను’. తెలుగు మనిషి ఇలా మాట్లాడడు. ఎవరు చేశారో చెప్పి మాట్లాడతాడు, లేదా ‘జరిగింది’, ‘నెరవేరింది’ అంటాడు. ఇవి మూలభాషల వాక్య నిర్మాణం వెంటపడి వచ్చినవి. మన ఆరాధన తెలుగు చిన్నయసూరి గ్రాంథికమూ కాదు, మనం ఇంట్లో మాట్లాడేదీ కాదు. 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన తొలి తెలుగు సువార్తల నాటినుంచి మిషనరీలూ పండితులూ కలిసి కుట్టిన బట్ట అది. కుట్లు కనిపించేచోట విప్పి మళ్లీ కుట్టవచ్చు. గురువు ఒంటరిగా చదివే ప్రార్థనల్లో, సూచనల్లో, లేఖన పాఠాల ముందుమాటల్లో ఇలాంటి రూపాలన్నీ తీసేయండి. ఎవరి నోటికీ నష్టం లేదు. లేఖన పాఠాలను వాడుక భాషలో వచ్చిన అనువాదాల నుంచి చదివించండి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయంలో అడిగినది ఈ విషయమే: నీవు చెప్పేది అర్థం కానివాడు నీ కృతజ్ఞతకు ఆమేన్ అని ఎలా పలుకుతాడు? ‘ఆమేన్’ సంఘం సొత్తు. ప్రార్థించినవాడే ఆమేన్ కూడా తానే చెప్పేసుకుని కూర్చునే అలవాటును మీ కొత్త క్రమం ఆపగలిగితే అదొక్కటే పెద్ద మేలు.

‘నీవు’ గురించి. అది అమర్యాద కాదు. తెలుగులో భక్తి ఎప్పటినుంచో దేవుణ్ణి ఏకవచనంలోనే పిలుస్తోంది. రామదాసు భద్రాద్రి రాముణ్ణి నిలదీసినా, త్యాగరాజు వేడుకున్నా ‘నీవే’. తల్లిని పిలిచినట్టు అన్నమాట. అయితే మరో దారీ ఉంది, అదీ అచ్చ తెలుగుదే. మన కతోలిక సోదరులు ‘పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ, మీ నామము పూజింపబడునుగాక’ అని ప్రార్థిస్తారు. మనం ‘ప్రభువు’ అనేచోట వాళ్లు ‘ఏలినవారు’ అంటారు. ఆ మాటలో రాజుగారి కొలువు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ వినయం ఉంది. వాళ్ల పూజ 1963 డిసెంబరు 4న కతోలిక బిషప్పుల రెండో వతికాను మహాసభ ఆరాధన గురించిన పత్రాన్ని వెలువరించేదాకా లాటిన్‌లోనే నడిచింది. ఇళ్లలో చెప్పుకునే జపాలు మాత్రం అంతకుముందు నుంచీ తెలుగువే. వాళ్ల సువిశేషం మన సువార్త, వాళ్ల జ్ఞానస్నానం మన బాప్తిస్మం, వాళ్ల పవిత్రాత్మ మన పరిశుద్ధాత్మ. ఒకే ఊళ్లో రెండు గుళ్లలో ఒకే దేవునికి రెండు తెలుగులు. కతోలికుల అంత్యక్రియలకు వెళ్లినప్పుడల్లా ఆ ‘మీరు’ విని నాకు కళ్లు చెమర్చేవి. అది తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన క్రమంలో మాత్రం ‘నీవు’ ఉండనివ్వండి, ఎందుకంటే అది అందరి నోళ్లలో ఉంది. ఒకే ప్రార్థనలో ‘మీరు మమ్మల్ని ప్రేమించారు, నీ కృప మాకు చాలు’ అని రెండూ కలిపే కొత్త అలవాటును మాత్రం రానివ్వవద్దు.

పిల్లలకు నిజంగా అడ్డుపడేవి పాత మాటలు కావు. తెలిసినట్టు కనిపిస్తూ వేరే అర్థం ఇచ్చే మాటలు. ‘వాక్యం’ బడిలో కర్త, కర్మ, క్రియ ఉండేది. గుడిలో దేవుని మాట. ‘నీతి’ బడిలో కథ చివర వచ్చేది. గుడిలో న్యాయం, ధర్మం, దేవుని ముందు నిలబడగలిగిన స్థితి. ‘మహిమ’ బయట అద్భుతం, లోపల తేజస్సు. ఇవి మార్చాల్సిన పని లేదు, ఆదివారపు బడిలో ఒక్కో వారం ఒక్కో మాట చొప్పున చెప్పాలి. ‘మారుమనస్సు’ లాంటి మాట చూడండి, మనసు మారడం అని అందులోనే ఉంది, రెండు నిమిషాల్లో పిల్లవాడికి పట్టుబడుతుంది. అంతకంటే మంచి మాట నేను తయారు చేయలేను.

ఇలాంటివాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘సమాధానము’. మా బడిలో చదివే ఒక పాప గుడిలో నన్ను ఆపి, ‘మాస్టారూ, సమాధానము మీకు కలుగును గాక అంటున్నారు, మరి ప్రశ్న ఏమిటి?’ అని అడిగింది. బడిలో దానికి రోజూ కనిపించే సమాధానం ప్రశ్న కింద రాసేదే మరి. నేను దాన్ని మత్తయి సువార్త ఐదో అధ్యాయానికి తీసుకెళ్లాను. బలిపీఠం దగ్గర కానుక అర్పించబోతూ నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే విడిచిపెట్టి ‘మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము’ అని ఉంది. ఊళ్లో గట్టు తగాదా పడిన అన్నదమ్ములు కలిస్తే ‘సమాధానపడ్డారు’ అంటాం కదా, అదే మాట. మన సంస్కార క్రమంలో, అంటే ప్రభువు బల్ల ఆరాధనలో, సమాధానము ఇచ్చుకోవడం కానుకకు ముందు రావడానికి కారణం ఈ వచనమే. ‘శాంతి’ మంచి మాటే, కానీ అది ఒక్కడు చెట్టు కింద కూర్చున్నా దొరుకుతుంది. సమాధానానికి ఇద్దరు కావాలి. ఆ మాట మార్చవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను.

అది ఇచ్చే పద్ధతి కూడా మీ పిల్లలకు నేర్పండి. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనించి, ఇద్దరూ ఎడమ చేతితో ఒకరి కుడిచేతిని ఒకరు కప్పుతారు. బల్ల దగ్గర మొదలై వరుస వరుసకూ, మనిషినుంచి మనిషికి వెళుతుంది. ఒకప్పుడు తాకకూడదని లోకం గీత గీసిన మనుషులు కూర్చున్న గుడుల్లో అరచేతికి అరచెయ్యి ఆనించడం ఎంత పెద్ద సంగతో మన పెద్దలకు తెలుసు. ఇప్పుడు చాలాచోట్ల దూరం నుంచే తల ఊపి సరిపెడుతున్నారు. పాట వాయిస్తూ దాన్ని అర నిమిషంలో ముగించవద్దు.

పెద్దలకు చెప్పడానికి మీకు ఒక విషయం ఉపయోగపడుతుంది. ఆ సమాధానపు పద్ధతి కేరళలోని సిరియన్ క్రైస్తవుల నుంచి వచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వారు ఒక్కటయ్యారు. మన తెలుగు నేల మీదనే దోర్నకల్ వైపు ఆంగ్లికన్ అలవాటు, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టు అలవాటు, కడప, గుత్తి వైపు లండన్ మిషన్ వారి అలవాటు ఉండేవి. ఒకరికి అచ్చు పుస్తకం లేనిదే ప్రార్థన లేదు, ఇంకొకరికి పుస్తకం చూసి చదివితే ప్రార్థనే కాదు. అందరికీ సరిపడేలా కొత్త సంస్కార క్రమాన్ని రూపొందించి 1950లో వాడారు, 1963లో పూర్తి ఆరాధన గ్రంథం వచ్చింది. సిరియన్ల నుంచి సమాధానము, తూర్పు సంఘాల నుంచి పరిశుద్ధుడవైన దేవా అని మూడుసార్లు పిలిచే స్తుతి, స్పెయిన్ దేశపు పురాతన ఆరాధన నుంచి ప్రధాన యాజకుడైన యేసును మా మధ్యకు రమ్మని పిలిచే ప్రార్థన అందులో చేరాయి. మీ పెద్దలు ‘మన పాత క్రమం’ అంటున్నది వాళ్ల తాతల కాలంలో కొత్తగా కూర్చినదే. దాన్ని కూర్చినవాళ్లు చూపిన శ్రద్ధే మీరూ చూపిస్తే, మారుస్తున్నామని భయపడాల్సిన పని లేదు.

పాటల గురించి ఎక్కువ చెప్పను. పల్లవి, చరణం ఉన్న కీర్తన మన నాలుకకు సహజంగా వస్తుంది. పాశ్చాత్య రాగంలో కూర్చిన అనువాద గీతంలో దీర్ఘాక్షరం పొట్టి స్వరం మీద, హ్రస్వాక్షరం పొడుగు స్వరం మీద పడి మాట విరిగిపోతుంది. కొత్తగా ఎంచుకునేటప్పుడు ముందు పాట పాడకుండా చదివి చూడండి, తర్వాత పాడండి. రెండుసార్లూ మాట ఒకేలా వినిపిస్తే ఉంచుకోండి. ప్రకటనలు ఆరాధనకు ముందే ముగించండి. కానుకకూ ఆశీర్వాదానికీ మధ్య ఇరవై నిమిషాలు ప్రకటనలు చదివితే, అప్పటిదాకా నడిచిన సంభాషణ తెగిపోతుంది.

మౌనానికి క్రమంలో చోటు రాసిపెట్టండి. ‘మౌనము’ అని ఒక్క పదం అచ్చు వేస్తే చాలదు, ఎంతసేపో కూడా రాయండి. పాపపు ఒప్పుకోలుకు ముందు ఒక నిమిషం. ఆ నిమిషంలో కీబోర్డు వాయించవద్దని వాయించేవారికి విడిగా చెప్పండి. మొదటి వారాల్లో జనం దగ్గుతారు, కదులుతారు. నాలుగో వారానికి సర్దుకుంటారు.

కానుకల చోట ఏమీ కలపకపోయినా ఫరవాలేదు, కానీ పల్లె సంఘాల్లో పొయ్యి వెలిగించేటప్పుడల్లా గుప్పెడు బియ్యం పక్కన తీసిపెట్టి ఆదివారం తెచ్చే అలవాటు గురించి మీ నగర పిల్లలకు చెప్పండి. డబ్బు సంచిలో పడే చప్పుడుకూ, బియ్యం బుట్టలో పడే చప్పుడుకూ తేడా వాళ్లు వినాలి. కోత పండుగ రోజున ఒక్కసారైనా బుట్ట పెట్టండి.

కొత్త క్రమాన్ని క్రిస్మస్‌కు నాలుగు ఆదివారాల ముందు, సంఘ సంవత్సరం మొదలయ్యే రోజున ప్రారంభించండి. అచ్చుకు ఇచ్చే ముందు ఒక పని చేయండి. మీ సంఘంలో చదువు రాని పెద్దావిడ ఎవరైనా తప్పకుండా ఉంటారు. వాళ్లింటికి వెళ్లి, చాప మీద కూర్చుని, సంఘం పలకవలసిన మాటలన్నీ ఆవిడకు నెమ్మదిగా చదివి వినిపించండి. మూడోసారి చదివేటప్పటికి ఆవిడ మీతో కలిసి ఏ మాటలు పలుకుతారో అక్కడ టిక్కు పెట్టండి. ఆవిడ ఆగిపోయిన చోట పెన్నుతో గుర్తు పెట్టుకొని, కమిటీలో మళ్లీ ఆ పంక్తితోనే మొదలుపెట్టండి.